బిళ్ళా, నీళ్ళా, కూలి పనా? పత్తి, మిరప మండలాల గర్భిణుల జబ్బులపై సాగుతున్న వాదాల సమీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో కాన్పు చావులు బాగా తగ్గాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2004–06లో ఉమ్మడి రాష్ట్రంలో 154 ఉండేవి. 2018–20 నాటికి విభజిత రాష్ట్రంలో 45కు దిగాయి. అప్పటి దేశ సగటు 97. నూటికి 96కు పైగా కాన్పులు ఇప్పుడు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే రాష్ట్రంలో గర్భిణుల్లో రక్తహీనత మాత్రం 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 52.9 శాతం ఉంటే, 2019–21 సర్వేలో 53.7 శాతంగా తేలింది. చావు వెనక్కి తగ్గింది, జబ్బు ఉన్నచోటే ఉంది.

ఇది ఎందుకిలా ఉందన్న ప్రశ్నకు డాక్టర్లు, పోషకాహార శాస్త్రవేత్తలు, నీటి మీద పనిచేసేవాళ్ళు, కూలీల తరఫున మాట్లాడేవాళ్ళు తలో జవాబు చెబుతున్నారు. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఈ వాదం మరీ చిక్కుపడింది. ఒకే ఊళ్ళో ఫ్లోరైడ్ బోరు, మందు కొట్టిన చేను, రక్తం తక్కువున్న నిండు చూలాలు ఎదురుపడే ప్రాంతమిది. ఎవరు ఏ కారణం చూపినా దానికి ఇక్కడ సాక్ష్యం దొరుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ సమీక్షకు హద్దులు 2022 పునర్విభజనకు ముందరి ఆ రెండు జిల్లాలు. అందులోనూ కృష్ణా పశ్చిమ డెల్టా వరి మాగాణులను వదిలేసి, పల్నాడు నల్లరేగళ్ళు, గుంటూరు చుట్టూ ఉన్న మిరప ఊళ్ళు, ఒంగోలుకు పడమటనున్న దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం మెట్టలను తీసుకుంటున్నాం. ఇక్కడ పత్తి తీతలు దసరా నాటి నుంచి సంక్రాంతి దాకా సాగుతాయి. అవి ముగిసేలోపే మిరప కోతలు మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. ఆ తర్వాత కల్లాల్లో ఎండబెట్టడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. దాదాపు ఇదంతా ఆడవాళ్ళ పనే. కోతల కాలంలో ప్రకాశం పడమటి ఊళ్ళ నుంచి, కర్నూలు వైపు నుంచి ముఠాలు ముఠాలుగా కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు వలస వస్తాయి. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు ఉండని ఏడాది ఉండదు.

వాదం పుట్టుక

భారతీయ గర్భిణుల రక్తహీనత మీద గట్టి పరిశోధన బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలతో మొదలైంది. 1928లో అక్కడికొచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో పనిచేస్తున్న పదార్థం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ ఆశా కార్యకర్త చేతిలో పెట్టే ప్రతి ఐరన్ బిళ్ళలో ఆ ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు ఉంటుంది. తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకునే ఈ కథలో ఒక అంశం మరుగున పడుతుంది. విల్స్ ప్రయోగశాలలోనే ఆగిపోలేదు. ఆ స్త్రీలు ఏం తింటున్నారో, ఏ ఇళ్ళలో ఉంటున్నారో కూడా పరిశీలించారు. తర్వాతి కాలం ఆమె పరిశోధనలో బిళ్ళకు పనికొచ్చిన భాగాన్నే తీసుకుంది.

రెండో పాయ ఈ నేల మీదే మొదలైంది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును వర్ణించి, తాగేనీటిలోని ఫ్లోరైడ్ దానికి కారణమని చెప్పారు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి నివేదికల్లో ఇది ఒకటి. ఆ జిల్లా ఉత్తర భాగంలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలోకి వచ్చాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఈ నేల ఫ్లోరైడ్‌కు తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. కానీ ఆ చరిత్రంతా వంగిన నడుముల, గారపట్టిన పళ్ళ చరిత్రగానే నడిచింది. గర్భిణి దాంట్లో చాలా ఆలస్యంగా కనిపించింది.

1970లోనే కేంద్రం రక్తహీనత నివారణ కార్యక్రమం మొదలుపెట్టి గర్భిణులకు ఐరన్, ఫోలిక్ ఆమ్లం బిళ్ళలు ఇవ్వసాగింది. ఐరన్ మోతాదు మొదట 60 మిల్లీగ్రాములు, తర్వాత 100, 2018లో వచ్చిన 'అనీమియా ముక్త్ భారత్'తో మళ్ళీ 60. అర్ధ శతాబ్దంలో మోతాదు పెరిగి, తగ్గి, మొదటి అంకెకే వచ్చింది.

బిళ్ళ పక్షం

ఈ పక్షం వాదం సూటిగా ఉంటుంది. ఒక గర్భానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కావాలి. అన్నం, పప్పుచారు, పచ్చడి తిండితో అంత రాదు. గోంగూర తింటే రక్తం పడుతుందని ఇళ్ళల్లో నమ్ముతారు గానీ ఆకుకూరల్లోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. కాబట్టి రోజుకో బిళ్ళ చొప్పున 180 రోజులు. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రోజుకు రెండు. 7 లోపుకు పడితే నరం ద్వారా ఐరన్. 5 కన్నా తక్కువైతే వెంటనే ఆసుపత్రిలో చేర్పించి రక్తం ఎక్కించడం. కాన్పులో మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావం రక్తం తక్కువున్న ఆమెను చంపేస్తుంది గనక, కారణాల చర్చ తర్వాత చేసుకోవచ్చు, ముందు అంకె పెంచండి అంటారు వీళ్ళు.

ప్రాణాల మీదికొచ్చిన వేళ ఈ వాదానికి ఎదురులేదు. కానీ దాని లోపలే మూడు తగవులున్నాయి. మొదటిది అంకె గురించి. గర్భం మధ్య నెలల్లో రక్తంలో నీటి భాగం పెరిగి హిమోగ్లోబిన్ సహజంగానే పడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో రెండో త్రైమాసికానికి హద్దును 10.5గా ఖరారు చేసింది. అన్ని నెలలకూ 11నే పట్టుకుంటే కొందరు ఆరోగ్యవంతులు కూడా రోగుల లెక్కలో చేరతారు. పైగా కుటుంబ ఆరోగ్య సర్వే వేలి చివర పొడిచిన చుక్కతో కొలుస్తుంది. నరం నుంచి తీసిన రక్తంతో పోలిస్తే ఈ పద్ధతి నిలకడలేనిదని విమర్శ రావడంతో, తర్వాతి సర్వే నుంచి రక్తహీనతను తప్పించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన వేరే సర్వేకు అప్పగించారు. అంటే 52.9కీ 53.7కీ మధ్య తేడాను చూపి ప్రభుత్వాన్ని తిట్టడమూ తొందరే, మెచ్చుకోవడమూ తొందరే. సగం మందికి పైగా అన్న స్థూల చిత్రం మాత్రం మారదు.

రెండో తగవు మింగడం గురించి. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం వల్ల చాలామంది బిళ్ళలు మధ్యలో మానేస్తారు. బిళ్ళలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడన్న భయం ఇంకా పోలేదు. క్యాల్షియం బిళ్ళతో కలిపి మింగినా, టీతో మింగినా ఐరన్ సరిగా పట్టదు. రోజు విడిచి రోజు మింగితే ఎక్కువ శాతం ఒంటికి పడుతుందని జ్యూరిక్ పరిశోధకులు 2017లో చూపించారు. వాళ్ళు చూసింది గర్భం లేని స్త్రీలలో. చూలాలికి అదే వర్తిస్తుందా అన్నది తేలాలి.

మూడోది నరం ద్వారా ఇచ్చే ఐరన్. నాలుగు భారతీయ ఆసుపత్రుల్లో 2,018 మంది గర్భిణులపై జరిగి 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనంలో, ఐరన్ సుక్రోజ్ ఎక్కించినవాళ్ళకూ బిళ్ళలు మింగినవాళ్ళకూ తల్లి ఆరోగ్య ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సెలైన్ ఎక్కించుకుంటేనే బలమని నమ్మే మన ఊళ్ళల్లో ఈ ఫలితం గురించి ఎవరూ మాట్లాడకపోవడంలో వింతేమీ లేదు.

ఈ పక్షం తన బలానికి రుజువుగా హెచ్‌ఐవీని చూపుతుంది. 2000ల తొలి ఏళ్ళలో గర్భిణుల్లో హెచ్‌ఐవీ ఎక్కువగా కనబడ్డ జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం రెండూ ఉన్నాయి. ప్రతి గర్భిణికీ పరీక్ష చేసి, మొదట ఒక్క మోతాదు నెవిరపిన్, 2014 నుంచి జీవితాంతం మూడు మందులు ఇవ్వడంతో బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గింది. నిజమే. అయితే హెచ్‌ఐవీకి కారణం ఒకటే. రక్తహీనతకు అరడజను కారణాలుంటాయి: ఐరన్, ఫోలేట్, బీ12 లోపాలు, కొంకి పురుగులు, వరస కాన్పులు, పుట్టుకతో వచ్చే రక్తదోషాలు. ఒక తాళం తెరిచిన చెవి అన్ని తాళాలకూ పడుతుందని అనుకోకూడదు.

నీళ్ళ పక్షం

ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 అని భారత ప్రమాణం. కనిగిరి, పొదిలి, దర్శి మెట్టల్లో, పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపు చాలా బోర్లు ఈ హద్దును దాటతాయి. గట్టి రాతిపొరల్లో నీరు ఎక్కువకాలం నిలవ ఉంటుంది. వానలు తగ్గి బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరగడం మామూలు.

ఈ నీటికీ గర్భిణి రక్తానికీ ఉన్న ముడిని గట్టిగా చెప్పింది డాక్టర్ ఎ.కె. సుశీల. ఎయిమ్స్‌లో, తర్వాత ఢిల్లీలోని తన ఫ్లోరోసిస్ పరిశోధన సంస్థలో దశాబ్దాలు పనిచేసిన ఆమె 2010లో కరెంట్ సైన్స్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తహీనత ఉండి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గర్భిణుల్లో, ఒక బృందం చేత ఫ్లోరైడ్ ఉన్న నీరు, నల్ల ఉప్పు వంటివి మాన్పించి, పాలు, కూరలు, పళ్ళు ఎక్కువ తినమని చెప్పారు. ఆ బృందంలో హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు తగ్గారు. ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీయడంతో మింగిన ఐరన్ వంటబట్టడం లేదని ఆమె వివరణ.

విమర్శకుల అభ్యంతరం తేలిగ్గా తోసిపుచ్చేది కాదు. నీరు మార్చినవాళ్ళకే తిండి సలహా కూడా ఇచ్చారు గనక, ఫలితం నీటి వల్లా తిండి వల్లా అన్నది విడదీయలేం. పైగా అది ఢిల్లీ ఆసుపత్రికి వచ్చిన స్త్రీలపై చేసిన పని. మార్కాపురం మెట్టలో పత్తి తీసే మనిషి ఆ స్త్రీ కాదు. ఫ్లోరైడ్ మాయను దాటి బిడ్డకు చేరుతుందన్న దానిపై పెద్ద వివాదం లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల తెలివితేటలు కొంత తగ్గడానికీ దానికీ సంబంధం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ విభాగం 2024లో ఓ మోస్తరు నమ్మకంతో తేల్చింది. అంతకన్నా తక్కువ మోతాదుల గురించి వాదన సాగుతూనే ఉంది.

ఇందులో ఒక తెలుగు పాయ కూడా ఉంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరుగుతుందని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఖండారే బృందం 2002లో ప్రచురించింది. అది పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనం. దాన్ని పట్టుకుని చారు తాగితే ఫ్లోరైడ్ పోతుందని రాసే పత్రికలు కాస్త నిదానించాలి.

ఇప్పుడు తాగడానికి చాలా ఊళ్ళల్లో క్యాన్ నీళ్ళున్నాయి కదా అనవచ్చు. శుద్ధి యంత్రం సరిగా నడిస్తే ఫ్లోరైడ్ తగ్గే మాట నిజం. కానీ తాగేది క్యాన్, వండేది బోరు అయినచోట అన్నంతో పప్పుతో పాటు ఫ్లోరైడ్ లోపలికి వెళ్తూనే ఉంటుంది. చేనుకు పోయాక అక్కడ మోటారు దగ్గర పట్టుకున్న నీళ్ళే దిక్కు. గర్భిణి తాగిన నీరేదో ఇంటి కుళాయి పరీక్ష చెప్పదు.

కూలి పక్షం

ఈ పక్షానికి ఆసుపత్రుల్లో మాట్లాడేవాళ్ళు తక్కువ. వాళ్ళ వాదన ఇది: తిన్నదానికన్నా ఖర్చయ్యేది ఎక్కువైనప్పుడు ఏ బిళ్ళా నిలవదు. గర్భిణికి రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి అంటుంది. మిరప కోత రోజంతా వంగి చేసే పని. పుణె దగ్గరి పల్లెల్లో వ్యవసాయ కుటుంబాల గర్భిణులను పరిశీలించిన పరిశోధకులు, మొదటి, మధ్య నెలల్లో పని భారం ఎక్కువున్న తల్లులకు చిన్న బిడ్డలు పుట్టారని 2003లో చూపించారు. ఎండ సంగతి మరొకటి. తమిళనాడులో 800 మంది గర్భిణులను గమనించి 2024లో ప్రచురించిన పనిలో, వేడిలో పనిచేసినవాళ్ళకు గర్భస్రావం, మృతశిశు జననం ముప్పు సుమారు రెట్టింపు ఉంది. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకు మార్చి, ఏప్రిల్ కోతల్లో దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

బలహీనత ఎక్కడంటే, పని మానమని చెప్పడం తేలిక, మానేలా చేయడం కష్టం. సంఘటిత రంగంలోని స్త్రీకి 2017 సవరణ చట్టం 26 వారాల జీతంతో సెలవిచ్చింది. ముఠా మేస్త్రి కింద ఇవాళ ఒక చేను, రేపొక చేను తిరిగే మనిషికి యజమాని ఎవరో కూడా తేలదు, ఆ చట్టం ఆమె దాకా రాదు. ఆహార భద్రత చట్టం 2013లోనే 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ప్రసూతి సాయం హక్కు అంది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000. పొరుగున తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట పథకాన్ని 1987 నుంచీ నడుపుతూ సాయాన్ని 18,000కు పెంచింది. కోతల కాలంలో కొద్ది వారాల కూలితోనే తీరిపోయే మొత్తం కోసం ఎవరూ పని మానరు.

ఇంకొక చిక్కు రోజుల లెక్క. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టర్ పరీక్ష ఉంటుంది. ఫిబ్రవరి 9న పరీక్షకు వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. వలస వచ్చిన మనిషి పేరు ఊరి ఏఎన్ఎం పుస్తకంలో ఉంటుంది, మనిషి మాత్రం వంద కిలోమీటర్ల అవతల చేనులో ఉంటుంది. అంగన్‌వాడీ గుడ్డు, పాలు, భోజనమూ అంతే.

పురుగుమందులు: లెక్కకెక్కని కారణం

మూడు పక్షాలకూ పక్కనే నిలబడ్డ ప్రశ్న ఇది. 1980ల నడుమ తెల్లదోమ విజృంభించి, విచ్చలవిడిగా మందులు కొట్టి, 1987–88లో పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన నేల ఇది. 2002లో బీటీ పత్తి వచ్చి కాయతొలుచు పురుగు మందులు కొంతకాలం తగ్గాయి. 2021–22లో మిరపను నల్ల తామర పురుగు తుడిచిపెట్టినప్పుడు మళ్ళీ మందు మీద మందు కొట్టారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద నిషేధించినా పత్తి మీద చాలా ఏళ్ళు కొట్టారు. మందు కొట్టేది మగవాడే కావచ్చు. నీళ్ళు మోసేది, తడి ఆరని చేలో కాయ కోసేది, ఆ బట్టలు ఉతికేది ఆడమనిషి.

ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి పత్తి చేలల్లో మందు కొట్టే మగవాళ్ళున్న 1,016 జంటలను, మందు జోలికి పోని 1,020 జంటలతో పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించారు. మొదటి బృందంలో గర్భస్రావాలు, మృతశిశు జననాలు, పుట్టుక లోపాలు ఎక్కువ. ఆ పరిశోధన ఎన్నుకున్నది తండ్రుల స్పర్శను. తల్లి స్పర్శను విడిగా కొలవలేదు. తల్లి మూత్రంలోనే మందు అవశేషాలు కొలిచి, పుట్టిన పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించిన పని కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ కూలీ స్త్రీలపై 1999 నుంచి జరుగుతోంది. ఆర్గానోఫాస్ఫేట్లు ఎక్కువ కనబడ్డ తల్లుల పిల్లలకు ఏడేళ్ళ వయసులో తెలివి పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చాయని 2011లో చెప్పారు.

ఇక్కడ అలాంటి కొలత అంత సులభం కాదు. సాధారణంగా చేసే కొలినెస్టరేజ్ రక్తపరీక్షలో, సీరంలో కొలిచే అంకె గర్భంలో సహజంగానే తగ్గుతుంది. ఒక్క అంకె చూసి విషమని చెప్పలేం. అలాగని వదిలేయడమూ న్యాయం కాదు. ఎగుమతి మిరపలో మందు అవశేషాలు చూడటానికి గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది. కాయకు జరుగుతున్న పరీక్ష కోసినామెకు జరగడం లేదు.

బీపీ, షుగర్, థైరాయిడ్

ఇవి ఈ ప్రాంతానికే ప్రత్యేకం కావు కాబట్టి క్లుప్తంగా చూద్దాం. గర్భిణికి బీపీ పెరిగి వచ్చే, ఊళ్ళల్లో గుర్రపువాతం అనే మూర్ఛల విషయంలో వాదం దాదాపు ముగిసింది. 1960లలో మద్రాసు వైద్యుడు కృష్ణ మీనన్ మూడు మత్తుమందుల మిశ్రమాన్ని ప్రచారంలోకి తెచ్చారు. 1995లో భారత ఆసుపత్రులు కూడా పాల్గొన్న అంతర్జాతీయ పరీక్షలో, మళ్ళీ మూర్ఛ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే మెగ్నీషియం సల్ఫేట్‌తో 52 శాతం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తగ్గిందని తేలడంతో తగవు తీరింది. కండకు పొడిచే విధానం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ సాధ్యమే. నివారణలో క్యాల్షియం మోతాదు మీద మాత్రం మొన్నటి దాకా చర్చ నడిచింది. బెంగళూరులోనూ టాంజానియాలోనూ జరిగి 2024లో ప్రచురితమైన పరీక్షల్లో, రోజుకు 500 మిల్లీగ్రాములు 1,500కు తీసిపోలేదు. మింగాల్సిన బిళ్ళలు తగ్గుతాయంటే అది చిన్న విషయం కాదు.

షుగర్ దగ్గర మాత్రం రెండు శిబిరాలున్నాయి. చెన్నై డాక్టర్ వి. శేషయ్య బృందం ప్రతిపాదించిన పద్ధతిలో, గర్భిణి ఎప్పుడు తిన్నా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు 140 దాటితే షుగర్ అంటారు. అంతర్జాతీయ బృందాల పద్ధతిలో పరగడుపున వచ్చి మూడుసార్లు రక్తం ఇవ్వాలి. రెండోది శాస్త్రీయంగా పక్కా అనేవాళ్ళ మాట కొట్టిపారేయలేం, మొదటి పద్ధతి కొందరిని వదిలేస్తుంది. కానీ బస్సెక్కి వచ్చే మనిషిని పరగడుపున రమ్మంటే రాకుండా పోతుంది. ఈ మండలాలకు శేషయ్య పద్ధతే నయం. ఒక్క జాగ్రత్త: ఐరన్ లోపం ఉన్నప్పుడు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. సగం మందికి రక్తం తక్కువైన చోట ఆ పరీక్షనే నమ్ముకోరాదు.

థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ 2.5 దాటగానే బిళ్ళ మొదలుపెట్టే అలవాటు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంకా ఉంది. అమెరికన్ థైరాయిడ్ సంఘం 2017లోనే ఆ హద్దును సడలించింది. స్వల్ప లోపానికి మందిస్తే బిడ్డ తెలివి పెరుగుతుందన్న ఆశను 2012, 2017 నాటి పెద్ద పరీక్షలు నిలబెట్టలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

బిళ్ళ పక్షానికి ప్రయోగ సాక్ష్యం గట్టిది, కానీ యాభై ఏళ్ళ ఫలితం పలచన. నీళ్ళ పక్షానికి స్థలబలం ఉంది, జబ్బు ఈ నేలదే; ప్రయోగ సాక్ష్యం మాత్రం ఢిల్లీ నుంచి తెచ్చుకున్నది, అందులోనూ నీరు, తిండి కలిసిపోయాయి. కూలి పక్షానికి ఇంగితజ్ఞానం తోడుంది, కొంత పరిశోధనా ఉంది. చేతిలో ఉన్న మందు మాత్రం డబ్బు, అది ప్రభుత్వాలకు చేదు. పురుగుమందుల మీద అనుమానం బలంగా ఉంది, తల్లిని కొలిచిన లెక్క లేదు. పైన చెప్పిన అధ్యయనాల్లో ఏ ఒక్కటీ ఒకే గర్భిణిలో నీరు, మందు, పని, ఐరన్ నాలుగూ కలిపి చూడలేదు. అందుకే ఎవరికి వాళ్ళు గెలిచినట్టే ఉంటుంది.

బియ్యంలో ఐరన్ కలిపి రేషన్‌లో ఇచ్చే విధానం ఈ లోపాన్ని ఇంకా పెంచుతుంది. కారణం విడదీయకుండా అందరికీ ఒకే మందు పోయడమది. అనురా కుర్పాడ్, హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ వంటివారు అవసరం లేనివాళ్ళకూ ఐరన్ పేరుకుంటుందని హెచ్చరిస్తున్నారు. బియ్యమే ముప్పూటలా తినే మన జిల్లాల్లో ఆ హెచ్చరికను లెక్కలోకి తీసుకోవాలి. అయితే బియ్యం మానేసి బిళ్ళల మీదే నిలబడదామన్నవాళ్ళు ఆ బిళ్ళలు ఎందరు మింగుతున్నారో కూడా చెప్పాలి.

గుంటూరు ఒకసారి చేసి చూపిన పని

ఇలాంటి చిక్కుముడి ఈ జిల్లా చేతిలో ఒకసారి విడిపోయింది. హెచ్‌ఐవీ లెక్కలను ఒకప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులకొచ్చే గర్భిణులు, సుఖవ్యాధుల రోగుల రక్తాన్ని బట్టి అంచనా వేసేవాళ్ళు. 2004–05లో లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్ళి 12,000 మందికి పైగా పెద్దవాళ్ళ రక్తం పరీక్షించింది. అసలు సంఖ్య ఆసుపత్రి అంచనాలో సగం కన్నా తక్కువని 2006లో తేలింది. ఆ మరుసటి ఏడే దేశం తన మొత్తం హెచ్‌ఐవీ అంచనాను సగానికి పైగా తగ్గించుకుంది. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఊరిని లెక్కపెట్టరాదని దేశానికి గుంటూరు నేర్పింది.

గర్భిణుల విషయంలో ఆ పాఠం ఇంకా అమలు కాలేదు. 1946 నుంచి ఉన్న గుంటూరు వైద్య కళాశాల, ఒంగోలు వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాద్ పోషకాహార సంస్థ కలిస్తే ఇంటింటి అధ్యయనం ఒకటి సాధ్యమే. నెల తప్పిన దగ్గర నుంచి కాన్పు దాకా అవే స్త్రీలను వెంబడించి, ఇంటి నీరూ చేను నీరూ పరీక్షించి, ఏ వారం ఏ పని చేసిందో రాసుకుని, నరం నుంచి తీసిన రక్తంలో ఐరన్, ఫోలేట్, బీ12 విడివిడిగా చూడాలి. వలస ముఠాలను వదిలేస్తే ఆ అధ్యయనం దండగ.

ఫలితాలొచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్నున్నాయి. మాతా శిశు సంరక్షణ కార్డులో తాగే నీరు ఎక్కడిది, ఏ పని చేస్తోంది, ఇంట్లో మందు ఎవరు కొడతారు అన్న మూడు గళ్ళు చేర్చడానికి ఏ ప్రయోగమూ అక్కర్లేదు. ఫ్లోరైడ్ హద్దు దాటిన ఊళ్ళల్లో గర్భిణి ఇంటికి వంట నీళ్ళు కూడా శుద్ధి చేసినవే ఇవ్వాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెలనెలా 9న జరిగే పరీక్షను మిరప ఊళ్ళల్లో పనులు ముగిశాక సాయంత్రం పెట్టాలి, వలస వచ్చినామె కార్డు ఏ ఊరిదైనా చూడాలి. ఈ మూడూ జిల్లా కలెక్టరు స్థాయిలో తీసుకోదగ్గ నిర్ణయాలే. వచ్చే కోతలకు ముందే తీసుకోవాలి.